ఎల్ఫ్‌లకు 750 ఏళ్ల ఆయుష్షు: ఉంచాలా, తగ్గించాలా?

రాతిమెట్లు:
నేను నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో (తలా ఒక పాత్ర వేసుకుని కలిసి కథ నడిపే ఆట) మొన్న ఒక చిక్కు వచ్చింది. ఒక ప్లేయర్ 130 ఏళ్ల ఎల్ఫ్ మాంత్రికురాలిని తయారు చేసుకుని వచ్చింది. ఎల్ఫ్ అంటే మనిషిలా ఉండి చాలా కాలం బతికే ఊహాజాతి. ఇంకొకతను 19 ఏళ్ల మనిషి, అతనూ మాంత్రికుడే. ఇద్దరూ ఫస్ట్ లెవెల్, అంటే శక్తిలో మొదటి మెట్టు. ఇద్దరికీ వచ్చిన మంత్రాలు అన్నే. ఆట మధ్యలో ఆ కుర్రాడు, “నాకంటే 110 ఏళ్లు ముందు పుట్టావు కదా, అన్నాళ్లూ ఏం నేర్చుకున్నావు?” అని అడిగాడు. ఆమె దగ్గర జవాబు లేదు. ఆట నడిపేవాణ్ని, నా దగ్గరా లేదు.

మేం వాడే నియమాల పుస్తకం 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్. దాని ప్రకారం ఎల్ఫ్ 750 ఏళ్ల దాకా బతకొచ్చు. ఆటలోని మిగతా జాతుల్లో డ్వార్ఫ్ సగటున 350. నోమ్ 350 నుంచి దాదాపు 500. హాఫ్-ఎల్ఫ్ (ఎల్ఫ్‌కూ మనిషికీ పుట్టిన బిడ్డ) 180 దాటొచ్చు, హాఫ్లింగ్ 150 దగ్గర, హాఫ్-ఆర్క్ 75 దాటడం అరుదు. డ్వార్ఫ్‌ల దాకా నాకు పెద్దగా ఇబ్బంది లేదు. ఎల్ఫ్‌ల దగ్గరికి వచ్చేసరికి కథలో ఏది కదిపినా ఈ అంకె అడ్డొస్తోంది. మా ఆట ప్రపంచంలో ఎల్ఫ్‌ల ఆయుష్షును 200 దగ్గర ఆపేద్దామనుకుంటున్నాను. మీ అభిప్రాయం చెప్పండి.

నీలిపాచిక:
రాతిమెట్లు గారూ, చిక్కు ఆయుష్షులో లేదండి, ఆట మొదలుపెట్టే వయసులో ఉంది. ఈ ఆట పాత నియమాల్లో, అంటే 3.5 ఎడిషన్‌లో, ఎల్ఫ్ పెద్దవాడయ్యేది 110 ఏళ్లకు. అంటే మీరు ఎంత చిన్న ఎల్ఫ్‌ని తీసుకున్నా వందేళ్లు దాటాల్సిందే. మీరు వాడే 2014 పుస్తకంలో ఆ నియమం లేదు. శరీరం మనుషులతో సమానంగానే ఎదుగుతుందని అందులో స్పష్టంగా ఉంది. వందేళ్ల ప్రాంతంలో జరిగేది పెద్దరికం ప్రకటించుకుని కొత్త పేరు పెట్టుకోవడం మాత్రమే. కాబట్టి ఆమెను 25 ఏళ్ల ఎల్ఫ్‌గా మార్చేయండి. చిన్నప్పటి పేరుతోనే ఇల్లు వదిలి వచ్చిందని చెప్తే సరిపోతుంది, కథకూ బాగుంటుంది. 750ని ముట్టుకోనక్కర్లేదు.

లోతునీరు:
శరీరం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. నెమ్మదిగా ఎదిగేవే ఎక్కువ కాలం బతుకుతాయని ఇలాంటి చర్చల్లో చాలామంది అంటారు. గ్రీన్‌లాండ్ షార్క్ అలాంటిదే. 2016లో వచ్చిన అధ్యయనంలో చూసిన వాటిలో అతి పెద్దదానికి తక్కువలో తక్కువ 272 ఏళ్లు ఉంటాయని తేల్చారు, పిల్లల్ని కనే వయసు రావడానికే 150 ఏళ్లు పడుతుందని అంచనా వేశారు. కానీ బోహెడ్ తిమింగలం 25 ఏళ్ల ప్రాంతంలోనే ఈడుకు వస్తుంది, అయినా 200 ఏళ్లు దాటి బతకగలదు. అంటే తొందరగా ఎదిగి, ముసలితనం మాత్రం చాలా ఆలస్యంగా రావడం ప్రకృతిలోనే ఉంది. 2014 ఎల్ఫ్ తిమింగలం దారిలో ఉన్నాడు, 3.5 ఎల్ఫ్ షార్క్ దారిలో ఉన్నాడు. రెండూ నమ్మదగ్గవే.

‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ ఎల్ఫ్‌లు మూడో రకం. పూర్తిగా ఎదగడానికి 50 ఏళ్లు, కొందరికి వంద. ఆ తర్వాత ముసలితనంతో చావే లేదు. అక్కడి లెక్కను ఇక్కడికి తెచ్చి కలపకూడదు.

పాతలెక్క:
అసలు 750 అనేది ఏ అంకె? అది పై హద్దు. అందరూ అక్కడికి చేరతారని పుస్తకం అనలేదు. చిన్న లెక్క వేసి చూడండి. ముసలితనమే లేదనుకుందాం. ఏడాదికి వెయ్యిమందిలో ఒకరు ప్రమాదంలోనో జబ్బుతోనో పోతారనుకుంటే, 750 ఏళ్లు చేరేది నూటికి 47 మంది. ఏడాదికి రెండువందల్లో ఒకరు పోతే నూటికి ఇద్దరే మిగులుతారు. వందలో ఒకరైతే సగం మంది 69 ఏళ్ల లోపే పోతారు, 750 చూసేది పదివేలకు అయిదుగురు. గుహల్లోకి దిగి డ్రాగన్లతో తలపడేవాళ్లకు వందలో ఒకటి అనేది చాలా తక్కువ ముప్పు.

దీన్నుంచే మీ కుర్రాడి ప్రశ్నకు జవాబు వస్తుంది. ఈ ఆటలో లెవెల్ పెరిగేది ప్రాణం మీదికి తెచ్చుకుని బయటపడ్డప్పుడు. ఏళ్లు గడిచినంత మాత్రాన పెరగదు. 130 ఏళ్లు బతికిన ఎల్ఫ్ ఫస్ట్ లెవెల్‌లో ఉందంటే ఆమె ఇన్నాళ్లూ ప్రమాదం జోలికి పోలేదు. పోగొట్టుకోవడానికి ఇంకా 600 ఏళ్లున్న ఆమె అంత జాగ్రత్తగా ఉండటంలో వింతేం లేదు. 19 ఏళ్ల కుర్రాడు తొందరపడటంలోనూ వింత లేదు. ఆమె ఇప్పుడు ఎందుకు బయల్దేరింది? నాకైతే అదే అసలు ప్రశ్న.

రాతిమెట్లు:
పాతలెక్క గారూ, లెవెల్ గురించి మీరు చెప్పింది నాకు కొత్త. ఒప్పుకుంటున్నాను. కానీ నా రెండో బాధ అలాగే ఉంది. మా ప్రపంచంలో 400 ఏళ్ల కిందట కూలిపోయిన ఒక రాజ్యం ఉంది. అది ఎందుకు కూలిందో ఎవరికీ తెలియదు, కథంతా దాని మీదే. మనుషుల లెక్కలో 400 ఏళ్లంటే పదహారు తరాలు. 600 ఏళ్ల ఎల్ఫ్ ఒకరున్నా చాలు, వెళ్లి అడిగితే మొత్తం చెప్పేస్తారు. రహస్యం ఒక్క రోజులో అయిపోతుంది. 200 అంటున్నది అందుకే.

నీలిపాచిక:
ఈ విషయంలో నేను మీ పక్షం. రహస్యమే కథకు ప్రాణం అయినప్పుడు అంకె తగ్గించడం తప్పు కాదు.

మూడోజాము:
నేను ఒప్పుకోను. సాక్షి బతికి ఉంటే రహస్యం పోతుందని ఎందుకు అనుకోవాలి? పదేళ్ల కిందట జరిగిన గొడవ గురించి ఒకే ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా చెప్తారు. 400 ఏళ్ల పాటు ఒక సంగతిని తలుచుకుంటూ, చెప్పుకుంటూ ఉన్నవాళ్లకు చివరికి గుర్తుండేది వాళ్లు చెప్పుకున్న కథ. పైగా ఆ రాజ్యం కూలడంలో ఆ ఎల్ఫ్‌కే చేయి ఉంటే? మనుషులకు అది చరిత్ర, ఆమెకు తన తప్పు. నేరం చేసినవాళ్లు 400 ఏళ్ల తర్వాత కూడా అదే ఊళ్లో తిరుగుతుండటం అనే కథ ఎల్ఫ్‌ల వల్లే సాధ్యం. 200కు తగ్గిస్తే అది చేజారుతుంది.

ఇంకోటి చూడండి. ఎల్ఫ్ 750 బతికి, హాఫ్-ఎల్ఫ్ 180 బతికితే, బిడ్డ ముసలిదై తన కళ్ల ముందే పోవడాన్ని ఎల్ఫ్ తల్లి చూడాలి. దాని తర్వాత ఇంకో మూడు నాలుగు వందల ఏళ్లు ఉండాలి. టోల్కీన్ ఎల్రాండ్, ఎల్రాస్ అని సగం ఎల్ఫ్, సగం మనిషి అయిన కవల అన్నదమ్ములను సృష్టించాడు. ఎల్రాండ్ ఎల్ఫ్‌గా ఉండిపోయాడు, ఎల్రాస్ మనిషిగా ఉండటాన్ని ఎంచుకుని 500 ఏళ్లకు పోయాడు. వేల ఏళ్ల తర్వాత ఎల్రాస్ వంశంలో పుట్టిన ఆరగార్న్ అనే మనిషిని ఎల్రాండే పెంచాడు. చదివినప్పుడల్లా నాకు ఆ పెంపకం దగ్గరే గొంతు పట్టేస్తుంది. ఆయుష్షులు దగ్గరదగ్గరగా ఉంటే ఆ బాధకు చోటే ఉండదు. దయచేసి ఆ దూరాన్ని చెరపకండి.

రాతిమెట్లు:
ఈ చర్చను ఆ ప్లేయర్‌కు చూపించాను. వయసు 25కి మార్చమంటారా అని అడిగితే వద్దంది. రెండు రోజుల తర్వాత తన క్యారెక్టర్ గురించి ఒక పేజీ రాసి తెచ్చింది. ఆమె ఒక మనిషి దగ్గర మంత్రాలు నేర్చుకోవడం మొదలుపెట్టిందట. ఎల్ఫ్ తీరులో, తొందర లేకుండా. మొదటి పాఠం పూర్తయ్యేసరికి గురువు పోయాడు. ఆయన శిష్యుడి దగ్గర మళ్లీ మొదలుపెట్టింది, అతనూ పోయాడు. మూడో గురువు మంచం పట్టినప్పుడు ఆమెకు మొదటిసారి తొందర పుట్టింది, బయల్దేరింది.

తర్వాతి ఆటలో కుర్రాడు మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. ఆమె ముగ్గురు గురువుల పేర్లు చెప్పి ఆగింది. మూడో పేరు ఆ కుర్రాడి తాతది. అది ఆమె అప్పటికప్పుడు కలిపింది, నాకూ ముందు తెలియదు. 750ని అలాగే ఉంచుతున్నాను. కూలిన రాజ్యానికి సాక్షిగా ఎవరుండాలో ఇంకా తేలలేదు. మూడోజాము గారూ, ఆ విషయం మీతో విడిగా మాట్లాడాలి.