విదేశీ క్లబ్ ఆఫర్ అంటున్నారు, 4 లక్షలు కట్టమంటున్నారు. నమ్మొచ్చా?

ప్రశ్న (హన్మకొండ నుంచి):
మా మేనల్లుడికి 20 ఏళ్లు, ఫుట్‌బాల్‌లో స్ట్రైకర్ (గోల్స్ కొట్టే ఆటగాడు). హైదరాబాద్‌లో లోకల్ లీగ్ ఆడుతున్నాడు. ఒక ఏజెంట్ ఫోన్ చేసి, తూర్పు యూరప్‌లో రెండో డివిజన్ క్లబ్ ఒకటి వీణ్ని తీసుకుంటుంది, ముందు ట్రయల్‌కు రావాలి, అన్నీ కలిపి 4 లక్షలు కట్టండి అన్నాడు. ఇప్పటికి టూరిస్ట్ వీసా మీద వెళ్లాలట, తర్వాత అక్కడే మార్చుకోవచ్చట. వద్దురా అంటే మావాడు వినడు. "హైదరాబాద్‌కు ఆడిన ఆ నైజీరియా స్ట్రైకర్ ఒగ్బెచె ఎన్ని దేశాలు తిరిగాడు మామా, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా" అంటాడు. మా అక్క పొలం మీద అప్పు తెస్తానంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (కోచ్, నిజామాబాద్):
అన్నా, ముందు ఆ అప్పు ఆపించండి. మిగతావి నింపాదిగా మాట్లాడుకుందాం.

డబ్బు ఎవరు ఎవరికి ఇస్తున్నారో చూస్తే సగం తేలిపోతుంది. ఆటగాణ్ని నిజంగా కావాలనుకున్న క్లబ్ తన లెటర్‌హెడ్ మీద ఆహ్వానం పంపుతుంది, చాలాసార్లు బస కూడా చూసుకుంటుంది. ఆడేవాడే ఎదురు కట్టాలంటే అక్కడ అమ్ముతున్నది విమానం టికెట్టూ ఆశా తప్ప ఉద్యోగం కాదు. ఆ ఏజెంట్‌ను రెండే అడగండి. ఒకటి, ఫిఫా (ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ) లైసెన్స్ ఉందా? 2023 నుంచి ఫిఫా మళ్లీ పరీక్ష పెట్టి ఏజెంట్లకు లైసెన్సులు ఇస్తోంది, పేరు ఉందో లేదో వాళ్ల సైట్‌లోనే వెతకొచ్చు. రెండోది, క్లబ్ పేరు. పేరు చెప్పగానే ఆ క్లబ్ అధికారిక సైట్‌లో ఉన్న ఈమెయిల్‌కు మీరే రాయండి. ఏజెంట్ ఇచ్చిన ఈమెయిల్‌కు మాత్రం కాదు.

జవాబు (హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమాని):
ఒగ్బెచె పేరు వచ్చింది కాబట్టి నేను ఊరుకోలేను. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్‌లో 37 ఏళ్ల వయసులో మనకు 18 గోల్స్ కొట్టి, ఎక్కువ గోల్స్ చేసినవాడికిచ్చే గోల్డెన్ బూట్ గెలిచాడు. ఆ సీజన్ ఫైనల్ 2022 మార్చి 20న గోవా ఫతోర్డాలో, ఎదురు కేరళ బ్లాస్టర్స్. 88వ నిమిషం దాకా మనమే వెనకబడి ఉన్నాం. సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు, అది వేరే సంగతి.

మీవాడికి చెప్పాల్సింది ఇదీ. ఒగ్బెచె ఎక్కడో ఒకచోట మొదలుపెట్టలేదు. పారిస్ సెయింట్ జర్మెన్‌లో తయారై, 17 ఏళ్లకే 2002 ప్రపంచ కప్‌లో నైజీరియాకు ఆడాడు. తిరగడం ఆ తర్వాత మొదలైంది: యూఏఈ, స్పెయిన్‌లో అలావెస్, వాయదోలిద్, కాదిస్, తర్వాత గ్రీస్‌లో కవాలా, ఇంగ్లండ్‌లో మిడిల్స్‌బరో, నెదర్లాండ్స్‌లో కాంబూర్, విల్లెమ్ టూ. ఇండియాకు 2018లో వచ్చాడు. ఇక్కడా అయిదు సీజన్లలో నాలుగు క్లబ్‌లు: నార్త్‌ఈస్ట్, కేరళ, ముంబై, హైదరాబాద్. వెళ్లిన ప్రతిచోటా పాత రికార్డు ముందు నడిచింది, మనిషి వెనక వెళ్లాడు. మీవాడి దగ్గర ఇంకా ఆ రికార్డు లేదు. ఉన్నా కాగితాలు కుదరకపోతే అంతే. భారత జట్టు స్ట్రైకర్ సునీల్ ఛెత్రి అంతటివాడు 2009లో ఇంగ్లండ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్‌తో ఒప్పందం చేసుకున్నా, ఫిఫా ర్యాంకింగ్స్‌లో మన దేశం మొదటి 70లో లేదని వర్క్ పర్మిట్ రాలేదు. ఇక టూరిస్ట్ వీసా మీద ఏం ఆడతాడు?

జవాబు (లాయర్, విశాఖ):
ఒకవేళ నిజమైన కాంట్రాక్టే వస్తే ఏం చూడాలో చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది.

ఫిఫా నిబంధనల ప్రకారం కాంట్రాక్ట్ కనీసం ఆ సీజన్ చివరి వరకు ఉండాలి, అయిదేళ్లకు మించకూడదు. "మెడికల్ పాసైతేనే", "వర్క్ పర్మిట్ వస్తేనే ఈ ఒప్పందం చెల్లుతుంది" అని రాయడానికి వీల్లేదు. అవన్నీ సంతకానికి ముందే క్లబ్ చూసుకోవాలి. అలాంటి లైను కనిపిస్తే, ఆ క్లబ్‌కు నిబంధనలు తెలియవనో, తెలిసీ లెక్కచేయదనో అర్థం. జీతం చేతికొచ్చేదా, పన్నుకు ముందుదా, ఇంటి అద్దె ఎవరిది, దెబ్బ తగిలితే ఆపరేషన్ ఖర్చు ఎవరిది, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఫోన్లో చెప్పింది ఎక్కడా నిలవదు. రెండు వైపులా సంతకాలున్న కాపీ ఆ రోజే తీసుకోవాలి.

జీతం రాకపోతే? తిరిగే ఆటగాళ్లకు అసలు రోగం ఇదే. రెండు నెలల జీతం బాకీ పడితే, రాతపూర్వకంగా నోటీసిచ్చి కనీసం 15 రోజుల గడువు పెట్టాలి. అప్పటికీ ఇవ్వకపోతే ఆటగాడు న్యాయంగా కాంట్రాక్ట్ రద్దు చేసుకోవచ్చు, ఫిఫాకు ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదుకు రెండేళ్లే గడువు, ఆటగాడికి ఫీజు ఉండదు. కోపంతో నోటీసివ్వకుండా విమానం ఎక్కి వచ్చేస్తే కేసు అడ్డం తిరుగుతుంది.

జవాబు (గోల్‌కీపర్, హైదరాబాద్):
లాయర్ గారు చెప్పినదానికి ఇన్సూరెన్స్ కలపండి. జర్మన్ గోల్‌కీపర్ లుట్జ్ ఫానెన్‌స్టీల్ అని ఒకాయన ఉన్నాడు, ఫిఫాలోని ఆరు ఖండ సమాఖ్యల్లోనూ ఆడిన మొదటి ప్రొఫెషనల్. వినడానికి బావుంటుంది. కానీ సింగపూర్‌లో మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో 101 రోజులు జైల్లో ఉన్నాడు, తాను తప్పు చేయలేదనే అంటాడు. 2002లో ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ పార్క్ అవెన్యూకు ఆడుతూ ఎదుటివాడు గుద్దుకుని ఊపిరి ఆగిపోయింది, మైదానంలోనే బతికించారు. జీతాలు తక్కువున్న చిన్న లీగుల్లోనే ఫిక్సింగ్ వాళ్లు కుర్రాళ్లను పట్టుకుంటారు. ఎవరైనా "ఒక్క మ్యాచ్" అని వస్తే వెంటనే క్లబ్‌కు, ఫెడరేషన్‌కు చెప్పమనండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్సండి. ఏజెంట్‌కు ఫోన్ చేశాను. క్లబ్ పేరు "డబ్బు కట్టాక చెబుతాం, కాన్ఫిడెన్షియల్" అన్నాడు. ఐటీసీకి విడిగా 60 వేలు అట. ఇంతకీ ఐటీసీ ఏంటి?

జవాబు (లాయర్, విశాఖ):
దేశం మారే ఆటగాడికి పాత దేశపు ఫెడరేషన్ ఇచ్చే బదిలీ సర్టిఫికెట్. కొత్త దేశపు ఫెడరేషన్ ఆన్‌లైన్‌లో అడిగితే మన ఏఐఎఫ్‌ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) ఇస్తుంది. దాన్ని ఉచితంగా ఇవ్వాలని ఫిఫా నిబంధనలోనే ఉంది. ఆ 60 వేలు ఎవరి జేబులోకో మీకే తెలుస్తుంది. క్లబ్ పేరే చెప్పనివాడితో ఇక మాటలెందుకు? పాస్‌పోర్ట్ ఒరిజినల్ మాత్రం ఇవ్వకండి, ఇచ్చి ఉంటే ఈరోజే తెచ్చుకోండి.

జవాబు (కోచ్, నిజామాబాద్):
కుర్రాణ్ని నిరుత్సాహపరచకండి అన్నా. మా జిల్లా తండా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఇక్కడ లీగుల్లో ఆడి పేరు తెచ్చుకున్నాకే 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్‌కు వెళ్లింది. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సంధు నార్వేలో స్టాబెక్‌కు వెళ్లకముందు ఈస్ట్ బెంగాల్‌లో ఆడాడు. మీవాడికి ఇప్పుడు కావాల్సింది మన దేశంలోని రెండో స్థాయి జాతీయ లీగ్ క్లబ్‌ల ట్రయల్స్. 4 లక్షల్లో పదో వంతు కూడా అవసరం లేదు. వీడియో చేసేటప్పుడు గోల్స్ ఒక్కటే కత్తిరించి పాటలు పెట్టొద్దు, బంతి లేనప్పుడు ఎలా కదులుతాడో కనిపించేలా ఒక మ్యాచ్ మొత్తం పెట్టమనండి. జెర్సీ నంబర్, ఏ వైపు ఆడుతున్నాడో మొదట్లోనే రాయాలి. తయారయ్యాక నాకు పంపండి, చూసి చెబుతాను.