అప్‌డేట్: జుట్టు రాలడానికి కారణం తెలిసింది

తీవ్రమైన జ్వరం తగ్గిన కొన్నాళ్లకు దువ్వెన నిండా జుట్టు వస్తోందని, నాన్నగారిలా నాకూ బట్టతల వస్తుందేమోనని ఇదివరకు అడిగాను. చర్మవైద్యులను కలవమన్న వారందరికీ కృతజ్ఞతలు. కలిశాను.

నాకున్నది ఒక కారణం కాదు, రెండు. కుచ్చులుగా రాలడం జ్వరం వల్లే. తీవ్ర జ్వరం లాంటి పెద్ద దెబ్బ ఒంటికి తగిలితే చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లి, రెండు మూడు నెలల తర్వాత రాలతాయట. అందుకే కారణాన్ని, ఫలితాన్ని మనం ముడిపెట్టుకోలేం. కుదుళ్లు చెడవు కాబట్టి ఇది సాధారణంగా దానంతటదే సర్దుకుంటుంది. ఈ మాట విన్నాక ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

రెండోది వంశపారంపర్యం. కణతల దగ్గర సన్నని, లావు వెంట్రుకలు కలిసి ఉండటం భూతద్దంలో స్పష్టంగా కనిపించింది. డీహెచ్‌టీ అనే హార్మోన్ ప్రభావానికి కుదుళ్లు క్రమంగా కుంచించుకుపోతాయి. ఇది మేనమామల పోలికేనని కొందరు రాశారు. నిజానికి జన్యువులు తల్లిదండ్రులిద్దరి వైపు నుంచీ వస్తాయి. థైరాయిడ్, ఇనుము నిల్వల పరీక్షలు మామూలుగానే ఉన్నాయి.

ప్రస్తుతం జుట్టు పెరగడానికి మినాక్సిడిల్ అనే మందు తలకు రాసుకుంటున్నాను. మొదటి వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువగా రాలవచ్చు, దయచేసి భయపడి మానేయకండి. ఫలితం తెలియడానికి కనీసం నాలుగు నెలలు పడుతుంది. డీహెచ్‌టీని తగ్గించే ఫినాస్టరైడ్ అనే మందు ఇంకా మొదలుపెట్టలేదు. అది వాడేవారు ప్రోస్టేట్ గ్రంథి సమస్యలను పసిగట్టే పీఎస్ఏ అనే రక్త పరీక్ష చేయించుకుంటే వైద్యులకు తప్పక చెప్పాలి, ఎందుకంటే ఆ మందు వల్ల పీఎస్ఏ దాదాపు సగానికి తగ్గి కనిపిస్తుంది.