ఎండలో ఆగిపోయే పాత స్ప్లెండర్: బ్యాటరీ మార్చాల్నా?

పాతబండి (అనంతపురం):
2001 స్ప్లెండర్, కిక్ మోడల్. పొద్దున ఒక్క కిక్కుకే స్టార్టు. మధ్యాహ్నం తాడిపత్రి రోడ్డులో 15, 20 కిలోమీటర్లు పోతే రెండుసార్లు ఎగేసి ఆగిపోతాది. ఎంత కొట్టినా ఎత్తుకోదు. అర్ధగంట నీడలో పెడితే మామూలే. హారన్ మూలుగుతాంది, ఇండికేటర్లు వెలిగి అట్లే నిలబడతాయి, కొట్టుకోవు. ప్లగ్గు కొత్తది, కార్బొరేటర్ రెండుసార్లు క్లీన్ అయింది. ఇప్పుడు బ్యాటరీ మార్చమంటున్నారు. మారిస్తే ఆగేది పోతాదా?

మాగ్నెట్ కాయిల్ (గుత్తి):
పోదన్నా, ఆ డబ్బు ఆపు. ఈ మోడల్లో సీడీఐకి (ప్లగ్గుకు నిప్పు పంపే పెట్టె) కరెంటు బ్యాటరీ నుంచి రాదు, మాగ్నెట్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) లోపలి సోర్స్ కాయిల్ నుంచి నేరుగా వస్తాది. హారన్ జబ్బు వేరు, ఆగే జబ్బు వేరు.

ఆగినచోటే, వేడి తగ్గకముందే చూడాల. షెడ్డుకు తోసుకుపోయేలోగా తప్పు దాక్కుంటాది. ఇంకో ప్లగ్గు, చిన్న మీటరు బండిలో పెట్టుకో. ఆగిన వెంటనే ట్యాంకు మూత తియ్. గాలి పీల్చిన చప్పుడై, ఒక నిమిషం ఆగి కొడితే ఎత్తుకుందంటే మూతలోని గాలిరంధ్రం పూడింది. ఆ రోడ్డులో బండల పాలిష్ దుమ్ము ఎక్కువ, అనుమానించాల్సిందే.

అది కాకుంటే రెండో ప్లగ్గును క్యాపులో పెట్టి, దాని ఇనుప భాగం సిలిండర్ హెడ్డుకు ఆనించి కిక్కు కొట్టు. ఇంజన్‌లో ప్లగ్గు విప్పొద్దు, ఆ రంధ్రంలోంచి వచ్చే పెట్రోలు ఆవిరి అంటుకుంటాది. నిప్పు నీలంగా, గట్టిగా పడితే కరెంటు బాగున్నట్టే, పెట్రోలు దారి చూడు: కార్బొరేటర్ అడుగు స్క్రూ విప్పితే ధార ఆగకుండా రావాల.

నిప్పు లేదా? సీడీఐ నుంచి కీకి పోయే వైరు, నలుపు మీద తెలుపు గీత ఉండేది, ఊడదియ్. కీ ఆఫ్ చేస్తే ఆ వైరు ఎర్తవుతాది, ఇంజన్ ఆగేది అందుకే. ఊడదీశాక నిప్పొస్తే తప్పు కీ స్విచ్చిలోనో, హ్యాండిల్ మెడ దగ్గర ఒరుసుకున్న వైరులోనో.

అప్పుడూ రాకుంటే సోర్స్ కాయిల్ వైరు (నలుపు మీద ఎరుపు గీత) సీడీఐ నుంచి విప్పి, దానికీ ఇంజన్ బాడీకీ మధ్య ఓములు చూడు. పొద్దున చల్లగా ఉన్నప్పటి లెక్క ముందే రాసుకోవాల. రాగి తీగ నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతాది, 60 డిగ్రీలు వేడెక్కితే నాలుగో వంతు ఎక్కువ చూపడం మామూలే. మీటరు అసలు కదలకపోతేనే తీగ లోపల తెగినట్టు. వేడికి విడిపోతాది, చల్లబడితే అంటుకుంటాది. నీ అర్ధగంట నీడ కథ దీనికి సరిగ్గా సరిపోతాది.

వైరింగ్ (కడప):
ఒక్క మాట కలుపుతా. కాయిల్‌లో చుట్లు ఒకదానికొకటి షార్టయితే మీటరు పట్టుకోలేకపోవచ్చు. ఓములు బాగుండి నిప్పు రాకపోతే, తప్పు సీడీఐదేనా అని తేలడానికి అదే మోడల్ బండి సీడీఐ పది నిమిషాలు పెట్టి చూడండి. బ్యాటరీతో నడిచే కొత్త మోడళ్ల సీడీఐ మాత్రం దీనికి పనికిరాదు.

ఎర్త్ (కర్నూలు):
హారన్ సంగతి. ఇంజన్ ఆఫ్‌లో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గరుండాలి. రేసు ఇస్తే 14 దాకా ఎక్కాలి. ఎక్కకపోతే రెక్టిఫయరు (మాగ్నెట్ కరెంటును బ్యాటరీకి ఎక్కేలా మార్చేది), దాని ఎర్త్, మాగ్నెట్ నుంచి దానికొచ్చే తెల్ల వైరు చూడాలి, కొత్త బ్యాటరీ వేసినా వారంలో పడుకుంటుంది. మీటరు ఒక కొన నెగటివ్ టెర్మినల్‌కు, ఇంకో కొన ఫ్రేముకు పెట్టి హారన్ కొట్టండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ బోల్టు తుప్పు గీకి బిగించండి. ఒక ఇండికేటర్ బల్బు పోయినా, వాట్లు తక్కువైనా మిగతావి కొట్టుకోకపోవచ్చు. నీళ్లు పోసే బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే. మన బోరు నీళ్లలోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి.

పాతబండి:
నలుపు తెలుపు వైరు విప్పితే కీతో ఆగదు కదా, ఆపేదెట్ల?

మాగ్నెట్ కాయిల్:
టాప్ గేరులో వేసి, రెండు బ్రేకులూ పట్టుకుని క్లచ్ మెల్లగా వదులు. ప్లగ్ క్యాపు మాత్రం పీకొద్దు, షాక్ కొడతాది.