కుక్క వాంతులు చేసుకుంటూ వణుకుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. ఉదయం వరిచేలవైపు వెళ్లివచ్చినప్పటి నుంచి మా కుక్క నాలుగుసార్లు వాంతి చేసుకుని, చొంగ కారుస్తూ ఒళ్లంతా వణుకుతోంది. మజ్జిగ పట్టమని పక్కింటివారు అంటున్నారు. పట్టవచ్చా?

జవాబు: దయచేసి ఏమీ పట్టకండి. వణుకుతున్న కుక్క నోట్లో మజ్జిగ, పాలు, ఉప్పునీరు ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. చేలల్లో ఎలుకలకు పెట్టే జింక్ ఫాస్ఫైడ్ ఎర తిన్నా, పురుగుమందు కలిసిన నీరు తాగినా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి కనుక, సాయంత్రం దాకా చూద్దామనుకోకుండా వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కొన్ని రకాల పురుగుమందులకు అట్రోపిన్ విరుగుడుగా పనిచేస్తుంది, అయితే దాన్ని పశువైద్యులే ఇవ్వాలి.

జవాబు: పైవారు చెప్పినదానికి ఒక్కమాట కలుపుతాను. ఎలుకల మందే అయితే వాంతి నుంచి వెల్లుల్లి వాసన లాంటి విషవాయువు వెలువడవచ్చు, కాబట్టి కుక్కను గాలి ఆడేచోట ఉంచి, వాంతిపైకి వంగకుండా ఉండండి. పిల్లలను దూరంగా ఉంచండి.

జవాబు: బండి దొరకకపోతే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం గురించి అడగండి. చేలో మందు ప్యాకెట్ దొరికితే వెంట తీసుకువెళ్లండి. పోయిన సార్వాలో మా కుక్కకు ఇలాగే అయినప్పుడు, ఆ ప్యాకెట్ చూశాకే డాక్టరుగారు ఏ మందో నిర్ధారించగలిగారు.

ప్రశ్న అడిగినవారు: ఆటోలో బయలుదేరాము. గట్టుమీద చిరిగిన ప్యాకెట్ దొరికింది, వెంట తీసుకువెళ్తున్నాము.