శోధన వేళ చేసిన ప్రార్థన: మీ అనుభవంలో ఏది నిలిచింది?

సి షిఫ్ట్, గాజువాక:

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నేను గాజువాక దగ్గర ఒక కర్మాగారంలో షిఫ్టుల్లో పని చేస్తాను. నాలుగేళ్లుగా ఫోనులో డబ్బు పెట్టి ఆడే అలవాటు నన్ను పట్టుకుంది. మొదట రమ్మీ, ఆ తర్వాత క్రికెట్ పందేలు. 2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం అలాంటి ఆటలను నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు, ఆశ పెట్టి నన్ను లాగే శోధనను సర్కారే తీసేసిందని మోకాళ్ల మీద పడి స్తోత్రం చెప్పాను. నెల తిరగకుండానే తోటివాడొకడు ఏదో దొంగ లింకు పంపాడు, నేను మళ్లీ మొదటికి వచ్చాను.

నేను ప్రార్థన చేయని మనిషిని కాను. శుక్రవారం ఉపవాస కూడికకు తప్పకుండా వెళ్తాను. గత నెలలో మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థించాను. నాలుగో రోజు రాత్రి డ్యూటీలో, టీ తాగే వేళ, “ప్రభువా, నన్ను తప్పించు” అని కళ్లు మూసుకుని అడిగిన పది నిమిషాలకే ఆట తెరిచాను. ఆ రాత్రి 6,000 రూపాయలు పోయాయి. పోయిన డబ్బు కంటే ఆ పది నిమిషాలే నన్ను ఎక్కువగా తొలిచేస్తున్నాయి. ప్రార్థన పని చేయలేదా, లేక నేను చేసినది ప్రార్థనే కాదా? దయచేసి ప్రసంగం వద్దు, అది ప్రతి ఆదివారం వింటూనే ఉన్నాను. మీరు పడి లేచిన సంగతులు చెప్పండి.

మద్దిలపాలెం విశ్వాసి:

బ్రదర్, దీన్ని అలవాటు అనుకోవడమే పొరపాటు. ఇది జూదపు ఆత్మ. మూడు రోజులు చాలవు, ఏడు రోజులు ఉపవాసముండి యేసు నామంలో గద్దించండి. నేను బీడీలు ఒక్క రాత్రిలో మానేశాను. ఆల్ నైట్ ప్రేయర్‌లో అయ్యగారు తల మీద చేయి ఉంచి ప్రార్థించారు. మర్నాడు ఉదయం ఆ వాసనకే నాకు కడుపులో తిప్పింది. 11 ఏళ్లయింది, మళ్లీ ముట్టలేదు.

పాత గుమాస్తా, వన్ టౌన్:

మద్దిలపాలెం సోదరుడికి ఒక్క రాత్రిలో విడుదల దొరికిందంటే నాకు సంతోషమే, కాదనడానికి నేనెవరిని? అయితే మత్తయి 4వ అధ్యాయంలో శోధకుడైన సాతాను ప్రభువు దగ్గరకు ఉపవాసానికి ముందు రాలేదు, 40 దినాలు గడిచి ఆకలి వేసిన తర్వాత వచ్చాడు. లూకా అయితే, అపవాది “కొంతకాలము” ఆయనను విడిచిపోయాడని రాశాడు. కాబట్టి ఉపవాసం ముగిసిన మర్నాడే పడిపోవడంలో వింతేమీ లేదు, తమ్ముడూ. అసలు కాపలా అవసరమైనది ఆ రోజునే.

నా సంగతి చెబుతాను. నేను 33 ఏళ్లు ఒక కార్యాలయంలో పని చేసి దిగిపోయాను. అది ఏ కార్యాలయమో చెప్పను. అక్కడికి వచ్చేవాళ్లలో కొందరు దరఖాస్తు కింద కవరు పెట్టి ఇచ్చేవాళ్లని చెబితే చాలు. మా పెద్దమ్మాయికి పెళ్లి కుదిరిన సంవత్సరం ఒకాయన పెద్ద మొత్తమే తెచ్చాడు. సాయంత్రం రమ్మని పంపేసి, మధ్యాహ్నమంతా పని చేస్తూనే లోలోపల ప్రార్థించాను. ఏమని? “ప్రభువా, ఇది నీవు పంపిన సహాయమేనా, నీ చిత్తమేమిటో తెలియజేయి” అని. చిత్తమేమిటో నాకు తెలియకపోతే కదా తెలియజేయడానికి! సంఖ్యాకాండము 22లో బిలాము అనే ప్రవక్త చేసింది సరిగ్గా ఇదే. ఇశ్రాయేలీయులను శపించడానికి వెళ్లవద్దని దేవుడు ఒకసారి స్పష్టంగా చెప్పాడు. శపించమని పిలిచిన రాజు బాలాకు ఇంకా ఘనులైన మనుషులను పంపి ఇంకా పెద్ద ఆశ చూపగానే, ఈ రాత్రి కూడా ఉండండి, యెహోవా ఇంకేమి చెబుతాడో చూస్తానన్నాడు. వచ్చిన జవాబు నచ్చక రెండోసారి అడిగిన ఆ ప్రార్థన నేనూ చేశాను, కవరు కూడా తీసుకున్నాను. పెళ్లి బాగానే జరిగింది, అమ్మాయి చల్లగా కాపురం చేసుకుంటోంది, నాకు ఏ శిక్షా పడలేదు. ఆ పడకపోవడమే ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

ఆ తర్వాత నేను మార్చుకున్నది ప్రార్థన చేసే వేళను. రోజూ ఉదయం సొరుగు తాళం తీయక ముందు దాని మీద చేయి ఉంచి, “ఈ రోజు వచ్చే కవరు నాది కాదు” అని దేవునితో ముందే ఒప్పుకుని కుర్చీలో కూర్చునేవాణ్ణి. మనిషి ఎదురుగా నిలబడి కూతురి పెళ్లి అప్పు గుర్తు చేస్తున్నప్పుడు తేల్చుకోవలసినదేమీ మిగిలేది కాదు, అది పదింటికే తేలిపోయి ఉండేది. గెత్సేమనే తోటలో ప్రభువు “మెలకువగా ఉండి ప్రార్థన చేయుడి” అన్నాడు. ఆ మాటలో మెలకువ ముందుంది. మూడుసార్లు వచ్చి చూస్తే మూడుసార్లూ శిష్యులు నిద్రలోనే ఉన్నారు. ఆ తర్వాత పేతురు ప్రధానయాజకుని ముంగిట ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకాడు. అతడు ముంగిట ఓడిపోయాడని మనం చెప్పుకుంటాం కానీ, ఓడిపోయింది తోటలోనే.

ఇంకొక చిక్కు మన మాటలోనే ఉంది. కష్టంతో పరీక్షించడానికీ, ఆశ చూపి లాగడానికీ మనం శోధన అనే ఒక్క మాటే వాడుతున్నాం. మూలంలోని గ్రీకు మాటకూ ఆ రెండు అర్థాలూ ఉన్నాయి. అందువల్ల జ్వరం వచ్చినా శోధనే, లంచం వచ్చినా శోధనే. మొదటిదానికి ఓర్పు అడుక్కోవాలి, రెండోదానికి కాళ్లు అడుక్కోవాలి. పోతీఫరు ఇంట్లో యజమాని భార్య తనను పట్టుకున్నప్పుడు యోసేపు నిలబడి ప్రార్థించాడని రాసి లేదు, వస్త్రం వదిలేసి పారిపోయాడని రాసి ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వారు మన విశాఖకు వచ్చి సువార్తలను తెనిగించడం మొదలుపెట్టారు. మత్తయి, మార్కు, లూకా 1812లో అచ్చయ్యాయి. వన్ టౌన్ సందుల్లో నడిచేటప్పుడు, పరలోక ప్రార్థనలోని “శోధన” అనే ఆ ఒక్క మాట దగ్గర వాళ్లు ఎన్ని పూటలు ఆగిపోయి ఉంటారో అని ఊరికే అనుకుంటూ ఉంటాను.

రాత్రి డ్యూటీ సిస్టర్:

సంఘంలోనూ ఆసుపత్రిలోనూ నన్ను సిస్టర్ అనే పిలుస్తారు కనుక ఆ పేరే పెట్టుకున్నాను. ఇక్కడ అందరూ డబ్బు గురించీ బీడీల గురించీ రాస్తున్నారు. నా శోధన పగ. మా ఆయన పోయిన తర్వాత ఆస్తి దగ్గర మా తోటికోడలు చేసిన పని నేను మరచిపోలేకపోయాను. క్షమించే మనసు ఇమ్మని ప్రతి రాత్రీ వార్డులో అందరూ నిద్రపోయాక ప్రార్థించేదాన్ని. కొన్ని నెలలు గడిచాక ఒక విషయం గమనించాను. ప్రార్థన మొదలుపెట్టగానే ఆమె అన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా దేవునికి వినిపిస్తున్నాను. ఆయనకు తెలియదన్నట్టు తారీఖులతో సహా చెబుతున్నాను. లేచేసరికి నా కోపం కూర్చున్నప్పటి కంటే రెట్టింపయ్యేది. మా పాస్టరమ్మ గారితో చెబితే, ఆవిడ నవ్వి, “అది ప్రార్థన కాదమ్మా, ఫిర్యాదు పుస్తకం” అన్నారు.

అప్పటి నుంచి జరిగినదేదీ ప్రార్థనలోకి తీసుకురాకూడదని నియమం పెట్టుకున్నాను. ఆమె పేరు చెప్పి, ఆమె మోకాలి నొప్పి కోసం, ఆమె కొడుకు ఉద్యోగం కోసం, రెండే రెండు వాక్యాలు అడిగి ఆమెన్ చెప్పేస్తాను. మొదటి రోజుల్లో పళ్లు కొరుక్కుంటూ చేశాను. ఇప్పటికీ ప్రేమ వచ్చిందని చెప్పను, కానీ కొడుక్కి ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు నాకు కడుపు మంట రాలేదు. సి షిఫ్ట్ బ్రదర్, మీరు కూడా ఆట గురించి ఎంతసేపు ప్రార్థిస్తున్నారో ఒకసారి చూసుకోండి. విడిపించమని అడుగుతూ అడుగుతూ అరగంట దాని గురించే ఆలోచించి ఉంటారేమో. మత్తయి 4లో ప్రభువు జవాబులు చూడండి, మూడూ ద్వితీయోపదేశకాండములోనివే, ప్రతిదీ ఒక్క వాక్యమే. అపవాదితో ఆయన సంభాషణ పెంచలేదు.

హార్బర్ బోటు:

మేము ఆర్.సి.ఎం. వాళ్లం, అంటే రోమన్ కాథలిక్కులం, ఫిషింగ్ హార్బర్‌లో పని. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక నిషేధం సబబే కానీ, ఆ 61 రోజులూ మాలాంటి వాళ్ల చేతులకు పని ఉండదు, సాయంత్రమైతే కాళ్లు తాగుడు వైపు వాటంతటవే నడుస్తాయి. డిసెంబర్ 8న రాస్ హిల్ కొండ మీద మాత పండుగ నాడు ఇక తాగనని మొక్కుకున్నాను. క్రిస్మస్ దాకా కూడా నిలవలేదు.

పాపసంకీర్తనానికి, అంటే పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్లినప్పుడు ఫాదర్ గారు నన్ను తిట్టలేదు. “ఇంటికి ఏ దారిన వెళ్తావు?” అని మాత్రం అడిగారు. దుకాణం ఉన్న సందులోంచి అని చెప్పాను. పాపం ఎంత ముఖ్యమో పాపానికి దారి తీసే సందర్భం కూడా అంతే ముఖ్యం, దారి మార్చడం కూడా ప్రార్థనలో భాగమే అన్నారు. ఇప్పుడు చుట్టు తిరిగి వెళ్తాను. జపమాల చేతిలో ఉంటుంది, మరియమాతకు చెప్పే 50 మంగళవార్త జపాలు పూర్తయ్యేసరికి ఇంటి గుమ్మం వస్తుంది. ఆ సందులోంచి వెళ్తే ఐదు నిమిషాలే, జపం పది కూడా పూర్తి కాదు. రెండు నిషేధాలు దాటాను. మూడోదానిలో ఒకసారి జారాను, మర్నాడే మళ్లీ సంకీర్తనానికి వెళ్లాను.

మెడికో:

ఒక్క మాట మాత్రమే. జూదం మానలేకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది, దానికి చికిత్స ఉంది. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రార్థన మానమని నేను చెప్పడం లేదు.

మద్దిలపాలెం విశ్వాసి:

దేవుడు చేయలేనిది డాక్టరు చేస్తాడా? ఇలాంటి సలహాల వల్లనే విశ్వాసం సన్నగిల్లుతోంది.

పాత గుమాస్తా, వన్ టౌన్:

సోదరా, మనం ఇందాకటి నుంచి ఉదహరిస్తున్న లూకాను పౌలు “ప్రియుడైన వైద్యుడు” అని పిలిచాడు. ఆ మూడో సువార్తను పక్కన పెట్టేద్దామా?

మద్దిలపాలెం విశ్వాసి:

సరే, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ నా బీడీల సంగతి మాత్రం నిజం.

సి షిఫ్ట్, గాజువాక:

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. సిస్టర్ గారి మాట చదివినప్పుడు ఒక సంగతి గుర్తుకొచ్చి చాలాసేపు ఊరుకుండిపోయాను. ఆ రాత్రి కళ్లు మూసుకుని “తప్పించు” అని అడుగుతున్నప్పుడు ఫోను నా చేతిలోనే ఉంది. మొదటి పోస్టులో ఆ ముక్క రాయలేదు. దాచాలని కాదు, అప్పటికి నాకే తోచలేదు.

గుమాస్తా గారు చెప్పినట్టు వేళ మార్చాను. రాత్రి షిఫ్టు పదింటికి కనుక, తొమ్మిదిన్నరకే వచ్చి గేటు బయట వేపచెట్టు కింద నిలబడి ఒక్క వాక్యం చెప్పుకుంటాను, ఆ తర్వాత ఫోను లాకర్లో పెట్టి తాళం వేస్తాను. అత్యవసరమైతే మా ఆవిడ కంట్రోల్ రూముకు ఫోన్ చేస్తుంది. అలా ఎందుకని ఆమె అడిగినప్పుడు అబద్ధం చెప్పలేక నాలుగేళ్ల లెక్కంతా చెప్పాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నా ఏటీఎం కార్డు తీసుకుని తన పెట్టెలో పెట్టుకుంది. 14416కు ఒకసారి ఫోన్ చేశాను, మళ్లీ చేయమన్నారు. జీతం పడిన రోజు మధ్యాహ్నం, డ్యూటీ లేని వేళ, మిత్రుడి ఫోనులో 500 రూపాయలు ఆడాను. అది కూడా ఆమెకు చెప్పాను.

డ్యూటీ ఉన్న రాత్రులు ఫరవాలేదు. సెలవు రోజు సాయంత్రాలే గండం. ఆ వేళకు వేపచెట్టూ లేదు, లాకరూ లేదు.

హార్బర్ బోటు:

సెలవు ఎప్పుడు, అన్నా?

సి షిఫ్ట్, గాజువాక:

ఎల్లుండి, గురువారం.

హార్బర్ బోటు:

గురువారం సాయంత్రం నేను ఒడ్డునే ఉంటాను, వల బాగు చేసే పని ఉంది. మీకు జపమాల అలవాటు లేకపోయినా పరవాలేదు, పరలోక ప్రార్థన ఇద్దరికీ ఒకటే. ఐదింటికి పాత పోస్టాఫీసు దగ్గర బస్సు దిగండి, నేను ఎదురు వస్తాను. ఫోను ఇంట్లో పెట్టి రండి.