నానమ్మ మాట అర్థం కాని షెర్పా పిల్లలు: సంఘం ముందు పట్టించుకోవాల్సింది గొంపానా, భాషనా?

క్వీన్స్_పైవాటా:
న్యూయార్క్‌ క్వీన్స్ ప్రాంతంలోని ఎల్మ్‌హర్స్ట్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాం. మా కింది వాటాలో షెర్పా కుటుంబం. ఆయన టాక్సీ నడుపుతాడు, ఆవిడ పిల్లల్ని చూసుకునే పనికి వెళ్తుంది. మొన్న లోసార్‌కి, అంటే వాళ్ల కొత్త సంవత్సరానికి, మమ్మల్నీ రమ్మన్నారు. ఇక్కడి షెర్పాలు 1996లో ఒక సంఘం పెట్టుకున్నారు. తర్వాత పాత చర్చి ఒకటి కొని గొంపాగా, అంటే బౌద్ధ గుడిగా, మార్చుకున్నారు. పెళ్లయిన ఆడవాళ్లు నడుముకి ముందువైపు పాంగ్దెన్ అనే చారల గుడ్డ కట్టుకుని, అందరూ వరసగా చేతులు కలిపి కాళ్లతో నేల తాటిస్తూ ఆడుతుంటే చూడ్డానికి రెండు కళ్లు చాల్లేదు.

ఇంటికొచ్చాక జరిగింది చెప్తాను. నేపాల్‌లో వాళ్ల ఊరు ఖుంజుంగ్ నుంచి ఆయన తల్లి వాయిస్ మెసేజ్ పంపింది. పన్నెండేళ్ల మనవరాలు ఫోను చెవికి ఆనించుకుని చివరిదాకా వింది. విని, "నాన్నా, నానమ్మ ఏమంటోంది?" అని ఇంగ్లీషులో అడిగింది. ఆయన నేపాలీలో చెప్పాడు. షెర్పా భాష ఆ ఇంట్లో ఫోనులోంచి వచ్చి ఫోనులోనే ఆగిపోయింది.

సంఘం డబ్బు, ఓపిక పండగలకీ గొంపాకీ పెట్టడం సబబా, భాషకి పెట్టాలా? నా మటుకు నాకు భాషే. ఆ తల్లిదండ్రులు ఇంట్లో మాట్లాడితే చాలు కదా?

గోదారి_గట్టు:
"మాట్లాడితే చాలు కదా" అనడం తేలికండీ. రాత్రి పన్నెండు గంటలు బండి నడిపి, పిల్లలు బడికెళ్లే వేళకి పడుకునే మనిషి ఎప్పుడు మాట్లాడతాడు?

ఆ సంఘానికి ఇంకో పేరుంది, షెర్పా క్యిదుగ్. క్యి అంటే సుఖం, దుగ్ అంటే దుఃఖం. మన కష్టసుఖాలే, కాకపోతే వాళ్లు సుఖం ముందు పెట్టారు. మనిషి పోతే నలభై తొమ్మిది రోజులు చేయించాల్సిన పూజలుంటాయి. పరాయి దేశంలో లామాని ఎక్కణ్నుంచి తెస్తారు? ఎక్కడ కూర్చుంటారు? ఆ గొంపా లేకపోతే ఎవరింట్లో వాళ్లు ఏడ్చుకోవడమే. చావుకి పదిమంది వచ్చే ఏర్పాటు ఉంటే సంస్కృతి ఉన్నట్టే. క్రియాపదాలు తర్వాత చూసుకోవచ్చు.

సిలిగురి_రిటైర్డ్:
బ్యాంకు ఉద్యోగంలో నాలుగేళ్లు సిలిగురిలో, రెండేళ్లు డార్జిలింగ్‌లో చేశాను. ఈ పరీక్ష ఒకసారి జరిగిపోయిందయ్యా, ఫలితం మన దేశంలోనే ఉంది.

బ్రిటిష్ వాళ్ల కాలంలో పర్వతారోహణ పనుల కోసం నేపాల్‌లోని సోలుఖుంబు నుంచి షెర్పాలు డార్జిలింగ్ వచ్చి స్థిరపడ్డారు. టెన్సింగ్ నార్గే అలా వచ్చినవాడే. 1953లో ఎవరెస్ట్ ఎక్కాక మరుసటేడు అక్కడ పెట్టిన పర్వతారోహణ సంస్థలోనే ఆయన ఉద్యోగం. ఇప్పుడు వాళ్ల మనవలు, మునిమనవల నోట వినపడేది ఎక్కువగా నేపాలీ. గొంపాలున్నాయి, లోసార్ ఉంది, బెంగాల్ షెడ్యూల్డ్ తెగల జాబితాలో భూటియాల కింద షెర్పా పేరూ ఉంది. భాష మాత్రం జారిపోయింది.

కాబట్టి గొంపా కడితే భాష దానంతటదే నిలుస్తుందనే ఆశ వద్దు. అలాగని మా బ్రాంచికి వచ్చే షెర్పా పెద్దాయన్ని "మీకు భాష రాదు కాబట్టి మీరు షెర్పా కాదు" అంటే ఊరుకునేవాడా? చేతికర్ర అందుకునేవాడు.

ఇందూరు_పోరడు:
అన్నా, అసలు మనకి షెర్పా అంటే తెలిసింది బరువులు మోసేటాయనే. మా జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్లకే టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది, మేం పండగ చేసుకున్నం. అదే సీజన్ల, ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు చరియలు మీదపడి 16 మంది పోయిన్రు. అందరూ అక్కడి కూలీలే, ఎక్కువమంది షెర్పాలు. ఆ ముచ్చట మా ఊర్ల ఎవరికీ యాదికి లేదు.

21 సార్లు ఎవరెస్ట్ ఎక్కిన అపా షెర్పా పిల్లల చదువు కోసమని 2006ల అమెరికా పోయి యూటాల ఉన్నడు. పది సార్లు ఎక్కిన ల్హక్పా షెర్పా కనెక్టికట్‌ల గిన్నెలు కడిగే పని చేసింది. పిల్లలు కొండ ఎక్కొద్దనే కదా వచ్చింది? కొండ పోయింది, భాష పోతున్నది. ఇగ మిగిలేది పేరే.

ఇంటిపేర్ల_పిచ్చి:
ఆ పేరు సంగతే చెప్పనివ్వండి, ఎవరూ పట్టించుకోరు. వాళ్లలో చాలామందికి పుట్టిన వారమే పేరు. ఆదివారం పుడితే నీమా, సోమవారం దావా, మంగళవారం మింగ్మా, బుధవారం ల్హక్పా, గురువారం ఫుర్బా, శుక్రవారం పాసాంగ్, శనివారం పెంబా. ఆడా మగా తేడా లేదు. మన మంగమ్మలూ శనివారపు వెంకటేశ్వర్లూ గుర్తొస్తే తప్పు నాది కాదు.

వాళ్లకి వంశాలున్నాయి. థిమ్మి, చక్పా, మిన్యాగ్పా, లామా సేర్వా ఇలా. తండ్రి నుంచి వస్తాయి, ఒకే వంశంలో పెళ్లి కుదరదు. అచ్చం మన గోత్రం పట్టింపే. పాస్‌పోర్టులో మాత్రం అందరి ఇంటిపేరూ షెర్పాయే. ఊళ్లో అయితే ఎవరిది ఏ వంశమో ముసలమ్మలకి కంఠతా. క్వీన్స్‌లో ఒక పాసాంగ్ షెర్పా ఒక దావా షెర్పాని ఇష్టపడితే, వరసవుతారో కాదో కనుక్కోవాల్సింది నానమ్మనే. అడగడానికి పిల్లకి భాష రాదాయె.

గోదారి_గట్టు:
గోత్రాలు కాపాడ్డానికి భాష నేర్పమంటారా! ఇంతకంటే మంచి కారణం దొరకలేదా?

క్వీన్స్_పైవాటా:
సిలిగురి గారూ, మీ డార్జిలింగ్ మాట నాకు రెండువైపులా తగిలింది. అయినా ప్రయత్నమే వద్దంటే ఎలా? మన పిల్లలకి వారాంతంలో తెలుగు బడులు నడుపుతున్నాం కదా.

బడి_పంతులు:
మీ పోలిక దగ్గరే నాకు పేచీ. తెలుగు బడికి పుస్తకముంది, అచ్చులూ హల్లులూ ఉన్నాయి, ఇంటికెళ్తే సినిమా ఉంది. 2011 లెక్కల్లో తెలుగు మాట్లాడేవాళ్లు 8 కోట్ల పైమాట. అదే ఏడు నేపాల్ జనగణనలో షెర్పాలు లక్షా పదమూడు వేల లోపు. ఒక తాడేపల్లిగూడెం పట్టణమంత జనం, అటూ ఇటుగా. ఆ భాషకి తనదంటూ స్థిరపడిన లిపి లేదు. టిబెటన్ అక్షరాల్లో రాయాలని కొందరు, దేవనాగరి చాలని కొందరు. టిబెటన్ లిపి నేర్పితే పిల్ల ప్రార్థన చదవగలదు, నానమ్మ బంగాళదుంప రొట్టె గురించి చెప్పింది మాత్రం అందదు. రెండూ ఒకటి కావు.

ఇంకోటి. ఈ జారుడు అమెరికాలో మొదలవలేదు. టెన్సింగ్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కిన హిల్లరీ 1961లో ఖుంజుంగ్‌లో బడి కట్టించాడు, మంచి పనే. కానీ నేపాల్ బళ్లలో అప్పటి చదువంతా నేపాలీలో. తర్వాత పిల్లలు ఖాట్మండు హాస్టళ్లకి. విమానం ఎక్కేసరికే సగం మాట పోయింది. మీ కింది వాటా ఆయన్ని తప్పుపట్టే ముందు ఇదొకటి చూడండి. నన్నడిగితే బడి వద్దు, లిపి తగువూ వద్దు. ముసలివాళ్ల మాటలు రికార్డు చేసి పెట్టండి, ముందు ఆ పని కానివ్వండి.

ఇందూరు_పోరడు:
రికార్డు చేసి ఏం చేస్తరు సార్, మ్యూజియంల పెడ్తరా?

క్వీన్స్_పైవాటా:
నాలుగు రోజులు ఇటు రాలేదు, మన్నించాలి. ఇంట్లో షెర్పా ఎందుకు మాట్లాడరని కింది వాటా ఆయన్నే అడిగాను. నవ్వాడు. ఆయన భార్య షెర్పా కాదట, తామాంగ్ అనే వేరే తెగ. ఇద్దరికీ కలిసే భాష నేపాలీ, అందుకే ఇంట్లో అది. రోజూ కనపడే మనుషులు, పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఈ మాట అడగలేదు నేను. పైన రాసిన "మాట్లాడితే చాలు కదా" వెనక్కి తీసుకుంటున్నాను. భాషే ముందన్న మాట మాత్రం తీసుకోవడం లేదు.

మన ఇంటిపేర్ల పిచ్చి గారు చెప్పిన వంశాల సంగతి ఆ పిల్లతో అన్నాను. తనకి తెలియదంది. తండ్రిని అడిగితే ఆయన ఖుంజుంగ్‌కి ఫోను కలిపి స్పీకర్ పెట్టాడు. నలభై నిమిషాలు. ముసలామె ఒక్క పేరు చెప్పి ఊరుకుంటుందా, తాతముత్తాతల దగ్గర మొదలుపెట్టింది. మధ్యమధ్యలో ఆయన నేపాలీలో చెప్తున్నాడు. పిల్ల ఇంగ్లీషులో అడుగుతోంది, అది మళ్లీ అటు వెళ్తోంది.

ఇంటిపేర్ల_పిచ్చి:
అసలుది చెప్పరేం? ఏ వంశమట?

క్వీన్స్_పైవాటా:
థిమ్మి. లెక్కల నోట్‌బుక్ అట్ట మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది.