నిద్రగన్నేరులో నిద్ర ఎవరిది?

తార్నాక నుంచి:
గ్రూపులో అందరికీ నమస్కారం. నిద్ర పట్టనివాళ్ళు నిద్రగన్నేరు ఆకు కషాయం తాగాలంటూ వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతోంది. పేరులోనే నిద్ర ఉంది కదా అని దానికో సమర్థన. సమాసాన్ని విడదీస్తే "నిద్రనిచ్చే గన్నేరు" అనే అర్థం వస్తుందా?

ఎర్రగడ్డ నుంచి:
రాదండీ. నిద్రమాత్ర అంటే నిద్ర కోసం వేసుకునే మాత్ర. నిద్రమొహం అంటే నిద్ర ఇంకా వదలని మొహం. రెండింటికీ ముందున్నది నిద్రే, కానీ సంబంధం వేరు. సమాసంలో విభక్తి రాలిపోతుంది కనుక ఆ సంబంధమేమిటో వస్తువును చూసి తేల్చుకోవాలి. ఇక్కడ నిద్రపోయేది చెట్టు, మనిషి కాదు. పొద్దు వాలినా, మబ్బు కమ్మినా దీని ఆకులు జంటలుగా ముడుచుకుంటాయి. ఆకుకాడ మొదట్లో ఉబ్బిన కణుపు ఉంటుంది, అందులో ఒక వైపు కణాల్లోని నీరు తగ్గి మరో వైపు పెరిగితే ఆకు వాలుతుంది. మధ్య, దక్షిణ అమెరికాల నుంచి వచ్చిన చెట్టు ఇది. మన రోడ్ల పక్కన గొడుగులా పరుచుకుని గులాబీ రంగు కుచ్చుపూలు పూస్తుంది. చిక్కుడు కుటుంబానిది. పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు అసలు గన్నేరుకు దాయాదులే, ఇదొక్కటే ఆ ఇంటిది కాదు.

పాతబస్తీ నుంచి:
నాకు ఆ సందేశంలో నిద్ర కంటే గన్నేరే ఎక్కువ భయం కలిగిస్తోంది. చదివినవాళ్ళు "నిద్ర" వదిలేసి "గన్నేరు ఆకు" అని మరొకరికి చెప్తే ఏమవుతుంది? గన్నేరు మన డివైడర్ల మీద, ఇళ్ళ ముందు ఎక్కడపడితే అక్కడ ఉంది. ఆకు, పువ్వు, బెరడు, వేరు అన్నీ విషమే. గుండె లయను చెడగొట్టే పదార్థాలు ఉంటాయి. ఎండబెట్టినా మరిగించినా అవి పోవు. పొరపాటున ఎవరైనా తాగితే వాంతులు, కళ్ళు తిరగడం, నాడి మందగించడం కనిపిస్తాయి. ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా, తాగిన ఆకు కూడా చేతిలో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఎర్రగడ్డ నుంచి:
అసలు గందరగోళం ఎక్కడ పుట్టిందంటే, నా ఉద్దేశంలో, పెన్నేరు దగ్గర. నిద్రకు పేరున్న మూలిక అది. పెన్నేరు గడ్డ అంటే అశ్వగంధ. వృక్షశాస్త్రంలో విథానియా సోమ్నిఫెరా, రెండో మాటకు లాటిన్‌లో నిద్ర తెచ్చేది అని అర్థం. పెన్నేరు, గన్నేరు: చెవికి తేడా ఒక్క అక్షరమే. సంస్కృతానికి వెళ్తే గండం తప్పుతుందా అంటే అక్కడా గుర్రమే అడ్డొస్తుంది. పచ్చి వేరు గుర్రం వాసన వేస్తుందని ఇది అశ్వగంధ. గుర్రాన్ని చంపుతుందని గన్నేరు అశ్వమారకం, అమరకోశంలో హయమారకం. తెలుగులో ప్రాస కలిసింది, సంస్కృతంలో గుర్రం కలిసింది. ఒకటి మందు, ఒకటి విషం. ఇంత దగ్గరి పేర్ల జంట మూలికల్లో నాకు ఇంకోటి కనిపించలేదు.

తార్నాక నుంచి:
అయితే పెన్నేరు వేరు వేసి కాచే పాల గురించి కూడా అడుగుతాను. ఆయుర్వేదంలో "ద్రవ్యాదష్టగుణం క్షీరం క్షీరాత్తోయం చతుర్గుణమ్" అన్నారు కదా. మూలికకు ఎనిమిదింతల పాలని తెలుస్తోంది. నాలుగింతల నీళ్ళు మూలికకా, పాలకా?

ఎర్రగడ్డ నుంచి:
"క్షీరాత్" పంచమీ విభక్తి. పాల కంటే నాలుగింతలు. చాలామంది తడబడేది ఇక్కడే. 5 గ్రాముల వేరుకు 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీళ్ళు. తర్వాతి పాదంలో "క్షీరావశేషః" అన్నారు కనుక నీరంతా ఇగిరి 40 మిల్లీలీటర్లు మిగిలేదాకా కాచాలి. నీళ్ళను మూలికకు నాలుగింతలే, అంటే 20 మిల్లీలీటర్లే, పోస్తే అవి చిటికెలో ఇగిరిపోతాయి. వేరు నానదు, సారం దిగదు, పాలు అడుగంటుతాయి. ఒక్క విభక్తి తప్పు చదివితే గిన్నె మాడుతుంది.

వేరును కచ్చాపచ్చాగా దంచండి. మెత్తటి పొడి వేస్తే జిగురుగా ముద్ద కట్టి వడకట్టనివ్వదు. సన్న మంట మీద గరిటెతో అడుగు గీరుతూ కాచి, పలచటి బట్టలో వడకట్టి, గోరువెచ్చగా పడుకునే ముందు తాగాలి. కాచే ఓపిక లేకపోతే మెత్తటి చూర్ణం 3 గ్రాములు వేడి పాలలో కలుపుకోవచ్చు. రోజుకు 3 నుంచి 6 గ్రాములు పెద్దవాళ్ళ మోతాదు. ఇది నిద్రమాత్రలా ఆ రాత్రికారాత్రే పని చేయదు, గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. అదే రోజు నిద్ర రాలేదని మోతాదు రెట్టింపు చేస్తే కడుపు చెడుతుంది. గర్భిణులు తీసుకోకూడదు. థైరాయిడ్, కాలేయ సమస్యలున్నవాళ్ళు, నిద్రమాత్రలు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

పాతబస్తీ నుంచి:
కొనేటప్పుడు బేగంబజార్ జడీబూటీ దుకాణాల్లో అస్‌గంద్ అనండి, యునానీ పేరు అదే. "నాగోరీ" అని కలిపి చెప్తారు. రాజస్థాన్‌లోని నాగౌర్ పేరు మీద వచ్చిన మాట అది. పంట ఇప్పుడు ఎక్కువగా మధ్యప్రదేశ్ నీమచ్, మందసౌర్ వైపు నుంచి వస్తుంది. పొడి వద్దు, వేరే అడగండి. విరిస్తే పుటుక్కున విరిగి లోపల తెల్లగా, పిండిగా కనిపించాలి. పీచులు సాగుతూ కట్టెలా ఉంటే ముదిరింది. సన్న రంధ్రాలుంటే పురుగు పట్టింది.

అక్కడే ఇంకో మాట చిక్కు: గసగసాలను హిందీ, ఉర్దూల్లో ఖస్‌ఖస్ అంటారు. తొందరలో "ఖస్" అని ఆపేస్తే వట్టివేరు పొట్లం కడతారు. అది చలువకు, కుండలో నీళ్ళలో వేసుకోవడానికి. విషమేమీ కాదు, వంటకు పనికిరాదు, అంతే.

మాసబ్ ట్యాంక్ నుంచి:
నిద్రకు వాడే మరో మూలిక జటామాంసిని ఆ దుకాణాలవాళ్ళు బాల్‌ఛడ్ అనడం కూడా గమనించండి. బాల్ అంటే వెంట్రుక. మన జట, అమరకోశంలో దాని పర్యాయాలు "జటిలా", "లోమశా", అన్నీ వేరు మీది ఆ గోధుమరంగు పీచును చూసి పెట్టినవే. హిమాలయాల్లో ఎత్తున పెరిగే మొక్క, అక్కడ తరిగిపోతోంది కూడా. పెన్నేరులా దీన్ని కాచకూడదు. గుణమంతా సువాసన నూనెలోనే ఉంది, తెరిచిన గిన్నెలో మరిగిస్తే ఆవిరితో పోతుంది. వేడి నీళ్ళు పోసి మూతపెట్టి, చల్లారాక వడకట్టాలి. ఆ పద్ధతికి పేరు ఫాంటం.

తార్నాక నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. ఆ సందేశం పంపినవాళ్ళకు ఇదంతా అందజేస్తాను. మన గ్రూపు రాసుకుంటున్న పదాల పట్టికలో "పెన్నేరు" అని ఒంటరిగా ఉంది. "పెన్నేరుగడ్డ" అని కలిపి రాస్తే మేలేమో?

ఎర్రగడ్డ నుంచి:
అదే సరైనది. గన్నేరుగడ్డ అని ఎవరూ అనరు కనుక, ఫోనులో సగం వినిపించినా "గడ్డ" పట్టిస్తుంది. పట్టికలో మార్చేశాను. పక్కనే గన్నేరు ఎదుట "విషం, లోపలికి తీసుకోరాదు" అని చేర్చాను.